దొంగిలిస్తేనే బతికే మొక్కలు

మా అవ్వ పెంచిన తోటను చూపించి ఇది తోట అంటే ఎవరైనా నవ్వేవాళ్లు. అవ్వ అంటే నానమ్మ కాదు, మా వైపు కన్నతల్లినే అలా పిలుస్తాం. పెరట్లో స్నానాలు చేసే బండ ఒకటి ఉండేది. ఆ బండ మీద నుంచి జారిన నీళ్లు పారినంత మేర, రెండు మంచాలు వేస్తే నిండిపోయే జాగా, అదే ఆమె తోట. దానికి మడులు లేవు, వరుస లేదు. పుదీనా తనకు తోచిన దిక్కుకు పాకేది. కొత్తిమీర మధ్యలో అల్లం మొలిచేది. నీళ్లు నిలిచే మూలన వస, ఎండ తగిలే మూలన తులసి, దాని పక్కన దవనం. ఇక వామాకు సంగతి చెప్పనక్కర్లేదు. మందంగా, నూగు నూగుగా ఉండి, ముట్టుకుంటే చాలు చేతికి వాము వాసన అంటించే ఆ మొక్కను అవ్వ ఒక పాత కుండలో పెడితే, అది కుండ పగలగొట్టుకుని బయటికొచ్చి కూర్చుంది.

మాది కోటగిరి దగ్గర ఊరు. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే చోటు. చుట్టూ ఎటు చూసినా చెరుకు, వరి, కొంత పసుపు. చలికాలం వచ్చిందంటే చెరుకు బండ్లు బోధన్ ఫ్యాక్టరీ దారి పట్టేవి. మా బాపు, అంటే నాన్న, అంత భూమి చూసుకునే మనిషి. చెరుకు కణుపు చూసి ఎన్ని నీళ్లు తాగిందో చెప్పేవాడు. కానీ ఇంటి పెరట్లో పుదీనా ఏదో, వామాకు ఏదో ఆయనకు తెలియదు. పళ్లెంలోకి వస్తే తెలుస్తుంది అనేవాడు. నిజమే, పళ్లెంలో మాత్రం బాగా తెలిసేది. పచ్చిపులుసులో కొత్తిమీర పడకపోతే ముద్ద పట్టుకుని అలా అవ్వ వైపు చూస్తూ ఉండిపోయేవాడు.

ఆ రెండు మంచాల జాగా మా వంటింటికి సగం, మా మందుల పెట్టెకు దాదాపు మొత్తం. జొన్నరొట్టెలోకి పుదీనా తొక్కు, వానపడితే వామాకు బజ్జీలు, కరివేపాకు ఎండబెట్టి దంచిన కారం. జలుబుకు తులసి, మిరియాల కషాయం. అరగకపోతే అల్లం, బెల్లం. పసిపిల్లలకు మాట తొందరగా వస్తుందని వస కొమ్ము సాన మీద రవ్వంత అరగదీసి నాలుకకు రాసేవాళ్లు. దానికి మాటలు వస్తాయో లేదో గానీ, నాకు చిన్నప్పుడు ఎక్కువ రాశారని బాపు అనేవాడు.

అవ్వ పద్ధతులు అవ్వవి. దీపం పెట్టాక ఆకు కోసేది కాదు, చెట్టు నిద్రపోయింది అనేది. కోసేటప్పుడు చిగుళ్లే తుంచేది. ఎందుకని అడిగితే, "తల తుంచితె రెండు తలలు పెడ్తది, మీ బాపు లెక్క" అనేది. ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఎవరికీ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆకు తెంపి నలిపి నా ముక్కు దగ్గర పెట్టేది, అంతే చదువు. ఇన్నేళ్లలో నేను చాలామంది తెలివైనవాళ్లను చూశాను. అవ్వంత ధీమాగా ఒక పనిని ప్రేమించినవాళ్లను ఎక్కువమందిని చూడలేదు.

నేను ఆరేడేళ్ల పిల్లనప్పుడు మా పక్క జాగా కొని ఒక కుటుంబం ఇల్లు కట్టుకుంది. కోస్తా నుంచి వచ్చిన రైతులు. అప్పుడు కాలువ కింద భూములు కొని అలా చాలామంది వచ్చారు. ఎక్కువమంది ఒకచోట ఇళ్లు వేసుకుని ఉండేవాళ్లు, వాటిని క్యాంపులు అనేవాళ్లం. వీళ్ల భూమి మా భూమికి ఆనుకుని ఉండటంతో ఇల్లు కూడా ఆనించుకున్నారు. రెండు పెరళ్ల మధ్య వావిలి కంచె. వావిలి ఎవరూ పెంచక్కర్లేదు, కాలువ గట్ల మీద దానంతటదే పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకు, బాలింతల స్నానానికి ఆ ఆకు వేసి నీళ్లు కాచేవాళ్లు. ఆ ఇంటావిడ నన్ను ఎత్తుకుని, "పిన్నీ అని పిలవమ్మా" అంది. ఆ మాట మా వైపుది కాదు, కానీ నోటికి తియ్యగా ఉంది. అప్పటి నుంచి ఆమె పిన్ని, ఆయన బాబాయి. వాళ్లకు నా ఈడు కూతురు ఉంది.

పిన్ని వచ్చిన కొత్తలోనే కంచె దగ్గరికి వచ్చి, "అక్కయ్యగారూ, ఒక పుదీనా కొమ్మ ఇప్పిస్తారా అండీ?" అని అడిగింది. ఆ మర్యాదకు అవ్వ పొంగిపోయి మంచి కొమ్మ చూసి తుంచి, బొట్టు పెట్టి మరీ ఇచ్చింది. అది ఎండిపోయింది. మళ్లీ అడిగింది, మళ్లీ ఇచ్చింది, అదీ పోయింది. ఇంకోసారి వచ్చేసరికి అవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చెల్లె, నువ్వు అడుగవడ్తివి, నేను ఇయ్యవడ్తిని. గిట్లయితె ఇది బతుకది. దొంగతనం చెయ్యాలె."

పిన్ని ముఖం చూడాలి అప్పుడు. "అయ్యయ్యో, మా ఇంటా వంటా లేదండీ!"

"అడిగి తెచ్చుకుంటె మొక్క అలుగుతది. సప్పుడు చెయ్యక తీస్కపోతె ఇల్లు మారిన సంగతి దానికి తెల్వది. నేను అటు మొఖం పెట్టి కూసుంట. నువ్వు కానీ."

అని నిజంగానే అటు తిరిగి, పెరట్లో కట్టేసి ఉన్న మా బర్రె పక్కన కూర్చుంది. పిన్ని నాలుగు దిక్కులూ చూసి, ఒక్క అంగలో కంచె దూరి, పుదీనా పీకి, చీర సరిచేసుకోకుండానే పరుగు తీసింది. ఆ పుదీనా వాళ్ల పెరడంతా అల్లుకుంది.

అడిగినప్పుడు అవ్వ మర్యాదగా పై కొమ్మ తుంచి ఇచ్చేదనీ, దొంగతనంలో పిన్ని కంగారుగా వేరుతో సహా లాగేదనీ, మొక్క బతకడానికి అసలు కారణం అదేననీ కాస్త పెద్దయ్యాక నాకు తట్టింది. గొప్ప విషయం కనిపెట్టినట్టు అవ్వకు చెప్పాను. అవ్వ తొణకలేదు. "మరి దొంగతనం చేస్తెనే గదనే ఏరు అచ్చింది" అంది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ రెండు ఇళ్లలో ఒకటే దొంగతనాలు. మా వామాకు అటు పోయింది. పిన్ని తన ఊరి నుంచి తెచ్చి పెంచుకున్న దబ్బ చెట్టు ఆకు మా మజ్జిగలోకి వచ్చింది. దొంగతనానికీ ఒక నీతి ఉండేది. సొంతదారు చూడకూడదు. చూసినా చూడనట్టు ఉండాలి. ఒక్కటే తీసుకోవాలి. తర్వాత ఎంత బాగా పెరిగినా ఎక్కడిదని అడగకూడదు. సాయంత్రాలు ఇద్దరూ కంచెకు చెరో వైపు కూర్చుని ఆకులు గిల్లుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. పిన్నికి తల్లి చిన్నప్పుడే పోయింది. తన పురుళ్లన్నీ ఎవరో దయదలచి చేసినవే అని చెప్పుకునేది. అవ్వ ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని, "నీ బిడ్డె పురుటికి వావిలాకు నీళ్లు నేను పోస్త. తల్లికి, పిల్లకు మొదటి తానం నా చేతులతోనే" అని మాట ఇచ్చింది. ఆ పిల్ల అప్పుడు నాతో కలిసి చింతగింజలు ఆడుకుంటోంది.

ఆ పిల్లకు పెళ్లయింది. కడుపుతో ఉందని పక్క ఊళ్లోనే ఉన్న అత్తారింటి నుంచి కబురు వచ్చింది. సరిగ్గా ఆ ఏడే వానలు ముఖం చాటేశాయి.

కాలువలో నీళ్లు తగ్గి వంతులు పెట్టారు. బాపు చెరుకు ఎండుతోంది, బాబాయి వరి ఎండుతోంది. ఒక మధ్యాహ్నం తూము దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది. గట్టు ఎవరు తెంపారో, ఎవరి వంతులో ఎవరు నీళ్లు మళ్లించారో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లకూ తెలిసి ఉండదు. బాపు "బతుకనచ్చినోనివి" అన్నాడట. బాబాయి "నీళ్లు పెట్టడం మేమొచ్చి నేర్పితేగానీ తెలీని వాళ్లు" అన్నాడట. రెండు మాటలూ అనకూడనివే. చెరుకు ఎండినా మళ్లీ నాటుకోవచ్చు, ఇలాంటి మాటలు వెనక్కి తీసుకోవడం కష్టం.

బాపు ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోలేదు. గడపలోనే నిలబడి అన్నాడు.

"ఏమే, ఇయ్యాలసంది మన ఇంట్లకెల్లి వాళ్లకు ఒక్క ఆకు ఇయ్యద్దు. వాళ్లతోని ఒక్క మాట మాట్లాడద్దు. నా మీద ఒట్టు."

అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది. చేట పక్కకు పెట్టి, "ఇయ్య. మాట్లాడ" అంది.

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. ఒట్టు అంటే ఆ రోజుల్లో నోటి మాట కాదు. భర్త మీద పెట్టిన ఒట్టు తప్పితే ఆయనకే ఏమన్నా అవుతుందని నమ్మేవాళ్లు. అవ్వ మరీ నమ్మేది. ఇక పిన్ని బిడ్డకు పురుడు ఎవరు చూస్తారు, తను ఇచ్చిన మాట ఏం కావాలి, ఆ దిగులు ఆమె ముఖం మీదే కనిపించేది.

అయితే మా అవ్వను తక్కువ అంచనా వేయకూడదు. మర్నాడు పొద్దున్నే నీళ్ల బకెట్ పట్టుకుని పెరట్లోకి వెళ్లి, కంచెకు వీపు పెట్టి బర్రె ముందు కూర్చుంది. బర్రె మెడ నిమురుతూ, కాస్త గొంతు పెంచి మొదలుపెట్టింది.

"ఇగో బర్రె, ఇను. పొద్దుగాల లేవంగనె కడుపుల తిప్పుతె భయపడద్దు. అల్లం రసంల జరంత తేనె ఏస్కొని నాకాలె. పులుపు మీదికి పాణం పోతె పోనియ్యి, కని కారం జర తగ్గించాలె."

బర్రె నెమరు వేస్తూ వింది. కంచె అవతల గలగలమని గాజుల చప్పుడు. అల్లం మొక్క ఊగింది. అవ్వ వెనక్కి తిరగలేదు. మూడు రోజుల తర్వాత అవతలి నుంచి పిన్ని తన కోళ్లను తిడుతున్న గొంతు వినిపించింది.

"ఏమే కోడీ, రెండ్రోజుల నుంచి తిన్నది కాస్త నిలుస్తోంది కదే నీకు. రాత్రిళ్లు మాత్రం దగ్గే. ఏం పెట్టనే నీకు?"

అవ్వ ముఖం వెలిగిపోయింది. "బర్రె, దగ్గయితె వామాకు సెగకు జర వెచ్చజేసి, పిండి, తేనెల కలిపి..."

అలా నెలల తరబడి సాగింది. అవ్వ ఒక్క ఆకు ఇవ్వలేదు. వాళ్లు దొంగిలించారు. అవ్వ ఒక్క మాట మాట్లాడలేదు. బర్రెతో చెప్పుకుంది. ఆ రోజుల్లో మా బర్రెకు వచ్చినంత వైద్యం మా తాలూకాలో ఇంకెవరికీ వచ్చి ఉండదు. నవ్వు ఆపుకోలేక నేను కుడితి గోలెం వెనక్కి పోయి కూర్చునేదాన్ని. ఒకసారి బాపు పెరట్లోకి వచ్చి, "ఏందే, ఆకు గింత తక్కువైంది?" అన్నాడు.

"దొంగలు వడ్డరు" అంది అవ్వ.

"ఎవలు?"

"నేను అటు తిరిగి ఉన్న. కనవడలేదు."

బాపు గడ్డం గోక్కుని వెళ్లిపోయాడు. ఆయనకు అర్థమైందో, అర్థం కాకుండా ఉండటమే మంచిదనుకున్నాడో.

పిన్ని కూతురు పురుటికి వచ్చింది. కంచె సందుల్లోంచి అవ్వ ఆ పిల్ల నడక చూసేది. పొట్ట కిందికి దిగిందా లేదా అని ఒక కన్ను, బాపు వస్తున్నాడా అని ఒక కన్ను. ఆకును దొంగతనంగా పంపొచ్చు, మందు బర్రెకు చెప్పొచ్చు. కానీ పసిపిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయడానికి చేతులు కావాలి. ఆ చేతులు గడప దాటాలి. ఒకరోజు బర్రె ముందు కూర్చుని అవ్వ ఏమీ చెప్పలేదు, ఊరికే ఏడ్చింది. కంచె అవతల కూడా కోళ్లను ఎవరూ తిట్టలేదు. ఇద్దరూ చెరోవైపు అలా కూర్చున్నారు. నాకు బాపు మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలో రెండు రోజులు ఆయన పచ్చిపులుసులో కొత్తిమీర వేయలేదు.

చలి ముదిరాక అవ్వ మంచం పట్టింది. జ్వరం. బాపు బండి కట్టి బోధన్ తీసుకెళ్లాడు. డాక్టర్ గోలీలిచ్చాడు, జ్వరం వాటితోనే దిగింది, ఆ మాట దాచను. అవ్వ కూడా గోలీలను ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు, "అవి గూడ ఏదో చెట్టుయే అయ్యుంటయి" అనేది. కానీ దగ్గు వదల్లేదు. పడుకుంటే దగ్గు, లేస్తే దగ్గు. సీసా మందు తాగినా ఆగలేదు. మనిషి సగమైంది.

వంట నేను చేస్తున్నాను, చెరుకు నరుకుడు రోజులు, ఇల్లంతా హడావుడి. తోటను చూసే దిక్కు లేక మొక్కలు వాడాయి. అది బాపు కంట పడింది. పెళ్లాం లేచేసరికి తోట కళకళలాడాలనుకున్నాడు పాపం. ఆయనకు తెలిసిన ప్రేమ ఒకటే. అప్పుడప్పుడే వస్తున్న తెల్ల ఎరువు, యూరియా, చెరుక్కి తెచ్చిన సంచిలోంచి దోసిళ్లతో తెచ్చి మొదలు మొదలుకీ పోసి నీళ్లు పెట్టాడు. పుదీనాకు దోసెడు, వామాకుకు దోసెడు, తులసమ్మకు భక్తి కొద్దీ ఇంకో దోసెడు. నాలుగో రోజుకు తోట మొత్తం నిప్పు సెగ తగిలినట్టు మాడిపోయింది. కరివేపాకు చెట్లు, మూలన వస మాత్రం మిగిలాయి.

అవ్వ మంచం మీద నుంచి, "రెండు వామాకులు తేవే, గొంతుల గీరుతంది" అంది. నేను బాపు వైపు చూశాను. బాపు నేల వైపు చూశాడు. చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. అవ్వ నవ్వింది. నవ్వి, దగ్గి, దగ్గులో మళ్లీ నవ్వి, "చెరుకనుకున్నవా ఏందయ్యా?" అంది.

"పక్కింట్లో గంపెడు ఉంది" అన్నాను నేను, ఆయనకు వినపడేలాగే.

"ఒట్టున్నది" అంది అవ్వ, గోడ వైపు తిరుగుతూ. అంత చిన్నగా అంది. బాపు లేచి బయటికి పోయాడు.

మర్నాడు తెల్లవారుతోంది. మంచు. నేను పెరట్లో పొయ్యి ముట్టిస్తున్నాను. బాపు తలకు రుమాలు చుట్టుకుని, చేతిలో చెంబు పట్టుకుని, పొలానికి పోయేవాడిలా బయల్దేరాడు. కానీ పొలం దారి పట్టలేదు. కంచె దగ్గర ఆగి అటూ ఇటూ చూశాడు. ఊళ్లో నలుగురికి న్యాయం చెప్పే మనిషి, చెంబు కింద పెట్టి, వంగి, వావిలి కంచెలో దూరాడు. రుమాలు కొమ్మకు తట్టుకుని అక్కడే ఉండిపోయింది. ఆయన అవతల తేలాడు.

తేలాడు సరే, ఏం కోయాలో తెలియాలి కదా. వాళ్ల పెరట్లో అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. కాసేపు తచ్చాడి, ఒకదాని ముందు కూర్చుని చెయ్యి వేశాడు.

అప్పుడు పశువుల కొట్టంలోంచి బాబాయి గొంతు వినిపించింది. ఆయన వీపు ఇటు పెట్టి ఎద్దుకు గడ్డి వేస్తున్నాడు.

"ఒరేయ్ ఎద్దూ, అది పుదీనారా. పచ్చడికి పనికొస్తుంది, దగ్గుకు కాదు. కుడిచేతి పక్కన కుండలో చూడు. మందపాటి ఆకు."

బాపు కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడు. నా చేతిలో కట్టె పుల్ల అలాగే ఉండిపోయింది. అంటే బాబాయికి అంతా తెలుసు. బర్రె వైద్యం, కోళ్ల తిట్లు, మా ఇంటి దగ్గు, అన్నీ ఆయన కొట్టంలోంచి వింటూనే ఉన్నాడన్నమాట.

బాబాయి వెనక్కి తిరగకుండానే మళ్లీ అన్నాడు. "వేరుతో సహా లాగరా, మళ్లీ నాటుకోవాలిగా. ఆ తెల్ల ఎరువు మాత్రం ముట్టుకోకు."

బాపు మెల్లగా కుండ దగ్గరికి జరిగాడు. మొక్కను లాగాడు. లేచి నిలబడి, కాసేపు దాన్నే చూస్తూ, తనూ కొట్టం వైపు చూడకుండా అన్నాడు.

"ఈ ఎద్దుకు తెలివి జర తక్కువ. ఆనాడు గట్టు కాడ గూడ ఊకెనే కుమ్మింది."

కొట్టంలో గడ్డి చప్పుడు ఆగింది.

"మా ఎద్దు మాత్రం తక్కువదా ఏంటండీ. కొమ్ములు దీనికీ ఉన్నాయిగా."

అంతే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బాపు వచ్చిన దారినే కంచె దూరి, కొమ్మకున్న రుమాలు తీసుకుని, లోపలికి వచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి. నేను చూస్తున్నానని, "మంచు" అన్నాడు.

అవ్వ మంచం పక్కన మొక్క పెట్టాడు. అవ్వ దాని మన్ను చూసింది, వేరు చూసింది, ఆయనను చూసింది.

"దొంగతనం చేసినవా?"

"చేసిన."

"ఎవలన్న సూసిండ్రా?"

"ఒక ఎద్దు సూసింది" అన్నాడు బాపు. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఇగ నీ ఇష్టం" అన్నాడు. అవ్వ ఆయన రుమాలుకు అంటుకున్న వావిలాకు ఒకటి తీసి, ఊరికే చేతిలో పెట్టుకుంది.

వామాకు రసం, డాక్టర్ సీసా మందు, రెండూ పట్టించాను. దగ్గు తగ్గింది. ఏది తగ్గించిందంటే మాత్రం నేను చెప్పలేను. ఒట్టు పోయిన పూటే ఆమె లేచి కూర్చుని అన్నం అడిగింది.

పిన్ని కూతురికి ఆడపిల్ల పుట్టింది. అప్పటికి అవ్వ పూర్తిగా కోలుకుంది. స్నానం నాటి పొద్దున బాపు కొడవలి పట్టుకుని తనే వావిలి మండలు కోసి, మోపు కట్టి, ఈసారి కంచె దూరకుండా వాకిట్లోంచి, ఊరంతా చూస్తుండగా, పక్కింటికి మోసుకెళ్లాడు. పిన్ని ఎదురొచ్చి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అన్నగారూ, చేతికివ్వకండి. అక్కడ పెట్టి అటు తిరగండి."

బాపు మోపు కింద పెట్టి అటు తిరిగాడు. పిన్ని దాన్ని దొంగిలించుకుని లోపలికి పరుగెత్తింది. బాబాయి అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ రోజు అవ్వ రూపు నా కళ్లలో ఇంకా ఉంది. పెద్ద కాగులో వావిలాకు మరిగి నీళ్లు పచ్చగా అయ్యాయి, ఆ ఘాటు ఇల్లంతా నిండింది. బాలింతకు పసుపు రాసి, నడుము మీద వేడి నీళ్లు చెంబుతో ధారగా పోసింది. తర్వాత పీట మీద కూర్చుని రెండు కాళ్లూ చాపి, పసిదాన్ని వాటి మీద పడుకోబెట్టుకుంది. దానికి గోరువెచ్చని నీళ్లే. తలకు చెయ్యి అడ్డం పెట్టి, కంట్లో చుక్క పడకుండా పోసింది. పసిది ఒక్క కేక పెట్టి, ఆ తర్వాత ఆమె చేతుల్లో నిద్రపోయింది. పిన్ని గుమ్మం పట్టుకుని నిలబడి, "అమ్మ ఉంటే ఇలాగే పోసేదేమో అక్కా" అంది. అప్పటిదాకా అక్కయ్యగారు. ఆ రోజు నుంచి అక్క.

తోట మళ్లీ లేచింది. మొత్తం పక్కింటి నుంచి దొంగిలించి తెచ్చిందే. మా మొక్కల పిల్లలే అవన్నీ, పుట్టింటికి వచ్చాయంది అవ్వ. బాపును మాత్రం నీళ్ల చెంబుతో కూడా అటు రానిచ్చేది కాదు.

తర్వాత కొన్నాళ్లకు నాకు నిజామాబాద్‌లో సంబంధం కుదిరింది. పసుపు మార్కెట్ దగ్గర వాడలో ఇల్లు, గాలి వీస్తే పసుపు వాసన వచ్చే చోటు. పంపించే రోజు వాకిట్లో బండి సిద్ధంగా ఉంది. చుట్టాలంతా నా చుట్టూ. అవ్వ మాత్రం కనిపించలేదు. వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్తే, తోటకు వీపు పెట్టి, బర్రె ముందు కూర్చుని ఉంది.

"పిల్లను సాగదోలేటప్పుడు మొఖం తిప్పుకుంటివేందే, ఏడుపు ఆగుత లేదా?" అంది మా మేనత్త గుమ్మంలోంచి. ఏడుస్తున్న మాట నిజమే, భుజాలు కదులుతున్నాయి. కానీ అందుకు తిప్పుకోలేదని నాకు తెలుసు. పెళ్లి చీరలోనే వంగాను. వామాకు వేరుతో సహా లాగాను. పుదీనా ఒకటి, తులసి ఒకటి. మన్ను రాలకుండా కొంగులో కట్టుకున్నాను.

అవ్వ వెనక్కి తిరగలేదు. బర్రె మెడ నిమురుతూ, కాస్త గొంతు పెంచి చెప్పింది.

"ఇగో బర్రె, ఇను. కొత్త జాగల మొదలు వాడినట్టె ఉంటది, భయపడద్దు. జర నీడకు పెట్టాలె. నీళ్లు కొన్ని కొన్ని పొయ్యాలె, ఒక్కసారె కుమ్మరియ్యద్దు. మెల్లమెల్లగ అదే నిలవడ్తది."

బర్రె నెమరు వేస్తూ వింది. నేనూ విని, కొంగు ముడి బిగించుకుని, చప్పుడు చేయకుండా బండి వైపు నడిచాను.